బోదకాలు మాత్ర వెనక మనిషి - యల్లాప్రగడ సుబ్బారావు

ఉభాలు మొదలైతే మన జిల్లాల్లో చేతినిండా పని. నాగావళి, వంశధార కాలవల కింద తెల్లారకముందే ఆడకూలీలు మడిలో దిగుతారు. అయితే ఏ ఊరు పోయినా ఒకరో ఇద్దరో గట్టుమీదే ఉండిపోవడం మేము చూస్తుంటాం. బోదకాలు వచ్చిన మనిషిని మేస్త్రి పిలవడు. పిలిచినా ఆ కాలు బురదలోంచి పైకి రాదు. వచ్చినా నాలుగు రోజుల్లో జొరం, గజ్జల్లో బిళ్ళలు, మంచం. కూలి పోతుంది, చీటీ అప్పు మిగులుతుంది. ఈ జబ్బుని నీటి దోషమని, తలరాతని, పూర్వజన్మ పాపమని అనుకుంటూ మనవాళ్ళు తరతరాలుగా మోశారు.

ఈ జబ్బుని వ్యాపించకుండా ఆపే మందు ఒక తెలుగువాడి నాయకత్వంలో తయారైంది. ఆయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మాత్రే మన ఇంటి గుమ్మంలోకి వచ్చి చేతిలో పెడితే, కొంగున ముడేసుకుని పోయి పెంటకుప్పలో పారేసినవాళ్ళం మనం. అందుకే ఇవాళ ఆయన జీవితం చెప్పుకుందాం. పటానికి దండ వేయడానికి కాదు. ఆ మాత్ర ఎందుకు మింగాలో, మింగితే సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి కొలువు మానుకున్నాడు. తల్లి వెంకమ్మ ఆ సంసారాన్ని పళ్ళ బిగువున ఈడ్చింది. పిల్లవాడికి చదువు మీద మనసు నిలవలేదు. కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్ళమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి పారిపోతే, తల్లి వెనక్కి తెప్పించింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. ఒకటి రెండుసార్లు తప్పగానే పిల్లల్ని గొడ్ల వెంట తోలే మన ఇళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు తొడిగాడు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరుతోనే పోయాడు. తెల్లదొర ఆచార్యుడికి అది కంటగింపు అయింది. పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా చేతికిచ్చారు. దాంతో సర్కారు వైద్యసేవలో దారి మూసుకుపోయింది.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలు కట్టక, మనిషి రక్తం లేకుండా ఎండిపోయే జబ్బు అది. సుబ్బారావుకీ అదే జబ్బు పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, ఆయన నడిపే కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకి మందు ఎక్కడుందో వెతకాలన్న పట్టుదల అక్కడే గట్టిపడింది.

1922లో అమెరికా పోయి బోస్టన్‌లో దిగాడు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం చేతిలో ఉన్నాయి; అవి ఎన్నాళ్ళు వస్తాయి? పగలు హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల గురించి చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే కూలిపని. మన పాకీ అన్నలు, అప్పలు చేసిన పనే ఈ శాస్త్రవేత్తా చేశాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు. మళ్ళీ ఆయన ఈ దేశానికి రానేలేదు. కడుపు చేతబట్టుకుని దూరదేశం పోయినవాళ్ళ ఇళ్ళలో ఏం జరుగుతుందో మన ఉద్దానంవాళ్ళకి మేము చెప్పనక్కర్లేదు.

హార్వర్డ్‌లో పరిశోధనకి లోటు చేయలేదు. ఒంట్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి 1925లో ప్రకటించాడు. మనిషి కండ బిగించి గునపం ఎత్తితే ఆ శక్తి కండలో ఏ పదార్థాల్లో దాగి ఉంటుందో తేల్చినవాళ్ళలో ఆయనొకడు. అయినా అక్కడ శాశ్వత కొలువు దొరకలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి నాయకుడయ్యాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ జబ్బులో రక్తం పట్టించేది అదే. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకి అన్నమాట. ఇవాళ గర్భిణులకి ఇచ్చే రక్తం మాత్రలో ఇనుముతోపాటు ఉండేదీ అదే.

ఇక బోదకాలు సంగతి. ఈ జబ్బు మన దేశంలో వేల ఏళ్ళుగా ఉంది. అయినా కంపెనీల ప్రయోగశాలలు దానివైపు గట్టిగా చూసింది ఎప్పుడు? రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకి పోయిన అమెరికన్ సైనికులు వేలమందికి అది అంటుకున్నప్పుడు. మన కూలి కాలు వాస్తే తలరాత, వాళ్ళ సిపాయి కాలు వాస్తే శాస్త్రం. ఈ లోకం తీరు అట్లా ఉంది. సుబ్బారావు నాయకత్వంలో హ్యూవిట్ మొదలైన సహచరులు ఆ పురుగులున్న ఎలుకల మీద ఒక మందు తరవాత ఒక మందు ప్రయోగించి, చివరకి డి.ఇ.సి. అనే మందు పనిచేస్తుందని తేల్చారు. 1947లో ఫలితాలు బయటికొచ్చాయి. అదే ఏడు ప్యూర్టో రికో దీవిలో రోగులకి ఇచ్చి చూశారు. రక్తంలో పురుగు పిల్లలు తగ్గిపోయాయి. హెట్రజాన్ అన్న పేరుతో అమ్మింది ఆ మందునే.

ఈ మందు చేసే పని అర్థం కావాలంటే జబ్బు ఎట్లా పాకుతుందో తెలియాలి. మన ఒంట్లో రక్తనాళాలతోపాటు ఒంటినీటిని మోసే సన్నటి రసనాళాలు ఉంటాయి. దారం పోగులాంటి పురుగు అందులో కాపురం పెడుతుంది. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు. కాలవలో తూడు పేరుకుంటే నీరు పారక మడి ఊటెక్కినట్టు, రసనాళం దెబ్బతింటే ఆ నీరు కాల్లోనే నిలిచిపోతుంది. అదే బోదకాలు. మగవాళ్ళకి వరిబీజం అవుతుంది.

ఆ పురుగు లక్షల్లో పిల్లల్ని పెడుతుంది. అవి పగలు లోపల దాక్కుని, రాత్రి పొద్దుపోయాక రక్తంలో పైకి వస్తాయి. ఆరోగ్యశాఖవాళ్ళు రాత్రిపూట వచ్చి వేలు గుచ్చేది అందుకే. నిద్ర చెడగొట్టాలని కాదు. అదే వేళకి దోమ కుడుతుంది. రక్తంతోపాటు పిల్లపురుగుల్ని పీల్చుకుంటుంది. ఈ సంగతి 1877లో చైనా దేశపు అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు కనిపెట్టాడు. దోమ కడుపున పడ్డ పిల్ల 10 నుంచి 14 రోజుల్లో ముదురుతుంది. తరవాత ఆ దోమ ఎవరిని కుడితే వాళ్ళ ఒంట్లోకి దిగుతుంది. ఇట్లా నెలలు, ఏళ్ళ తరబడి కుట్టించుకున్నాక జబ్బు స్థిరపడుతుంది.

కాబట్టి బోదకాలు మనిషిని ముట్టుకుంటే రాదు. పక్కన కూర్చుని అంబలి తాగితే రాదు. వంశంలో ఉందని సంబంధం తప్పించుకోవడం అన్యాయం. ఇంకో ముఖ్యమైన మాట. కాలు బాగా వాచిన మనిషి రక్తంలో చాలాసార్లు పిల్లపురుగులు ఉండవు. అవి ఎక్కువగా ఉండేది ఏ వాపూ లేకుండా గట్టిగా పనిచేసుకుంటున్న మనిషి రక్తంలో. అంటే కాలు వాచిన ముసలమ్మని మనం వేరుగా కూర్చోబెట్టాం. ఊరికి జబ్బు పంచినవాళ్ళం మాత్రం నిక్షేపంగా తిరుగుతున్న మనమే.

అందువల్లనే ఆ మాత్ర జబ్బున్నవాళ్ళకే కాక ఊరంతటికీ ఇవ్వాల్సి వచ్చింది. 2004 నుంచి దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి డి.ఇ.సి. మాత్రలు పంచారు, తరవాత ఆల్బెండజోల్ కలిపారు. పెద్ద పురుగు ఆరేడేళ్ళు బతుకుతుంది. అంతకాలం ఏటేటా దాని పిల్లల్ని చంపుతూ పోతే దోమకి పీల్చడానికి ఏమీ మిగలదు. కనీసం 5 ఏళ్ళు, ఊళ్ళో నూటికి 65 మందికి తగ్గకుండా మింగితేనే గొలుసు తెగుతుంది. పదిమంది మింగి తొంభైమంది పారేస్తే ఆ పదిమంది మింగింది బూడిదలో పోసిన పన్నీరే.

ఇక్కడ మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. తొలి సంవత్సరాల్లో మేము కూడా ఆ మాత్రల్ని పెద్దగా పట్టించుకోలేదు. మురుగు కాలవలు తవ్వకుండా మాత్రలతో సరిపెడుతున్నారని సభల్లో విమర్శించాం. విమర్శలో నిజం ఉంది. కానీ మా మాట విన్నవాళ్ళు కాలవల కోసం పోరాడలేదు, మాత్ర మాత్రం పారేశారు. మింగిన కొందరికి జొరం, తలనొప్పి, కళ్ళు తిరగడం వచ్చేసరికి విషం మాత్రలన్న పుకారు పేటపేటకీ పాకింది. ఆ జొరం ఎందుకో మాకే తెలియదు, ఇంక ఎవరికి చెబుతాం? రక్తంలో పిల్లపురుగులు చచ్చేటప్పుడు వచ్చే జొరం అది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పైగా జొరం వచ్చిందంటే ఆ ఒంట్లో పురుగు ఉందన్నమాట. మందు అవసరం వాళ్ళకే ఎక్కువ. ఖాళీ కడుపున మింగకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, మంచం పట్టినవాళ్ళకి ఇవ్వకూడదు. ఈ నాలుగు ముక్కలు అప్పుడే తెలుసుకుని చెప్పి ఉంటే ఎన్ని కాళ్ళు మిగిలేవో.

అయితే మాత్ర ఒక్కటే సరిపోతుందా? సరిపోదు. ఈ పురుగుని మోసే క్యూలెక్స్ దోమ మురికినీటిలో పుడుతుంది. ఊరి నీళ్ళన్నీ పల్లానికి పారతాయి. పల్లంలో ఉండేది మన కూలిపేట. పెద్దవీధి మురుగు కాలవ వచ్చి మన గుడిసెల ముందు గుంటలో ఆగుతుంది. ఆ గుంట పూడ్చాలి, కాలవ ఊరి బయటిదాకా సాగాలి, మరుగుదొడ్డి గొట్టానికి వల కట్టాలి. ఇవి పంచాయతీ చేయాల్సిన పనులు. మన పన్నుతో చేయాల్సిన పనులు. దోమతెరలో పడుకోవడం మన పని.

చైనాలో ఈ మందునే ఉప్పులో కలిపి తినిపించారు. 2007లో అక్కడ ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రకటించారు. 2016లో శ్రీలంక కూడా ఆ గట్టెక్కింది. మన పక్కనున్న చిన్న దేశం చేసిన పని మనవల్ల కాదా?

మరి ఇప్పటికే వాచిన కాలు సంగతేమిటి? మాత్ర ఆ వాపుని తీసేయలేదు. కానీ రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడిలేకుండా తుడిచి, పుండు పడితే వెంటనే మందు రాసి, పడుకునేటప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకుంటే మాటిమాటికీ వచ్చే జొరం తగ్గుతుంది, కాలు ఇంకా పెరగదు. వరిబీజానికి ఆపరేషన్ ఉంది. సిగ్గుపడి దాచుకోవద్దు.

సుబ్బారావు బతికింది 53 ఏళ్ళే. చివరి ఏడాదుల్లో ఆయన విభాగంలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులకి అదే మొదటిది. ప్లేగుని లొంగదీసిన జాతి అది. ఆ మందు లోకానికి తెలిసిన 1948 సంవత్సరంలోనే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. మందుల మీద హక్కు కంపెనీది. మాత్ర అట్టమీద ఆయన పేరు ఉండదు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. అది మన పేటలకి ఎన్నడూ రాలేదు.

వచ్చింది మాత్రే. పంపిణీ సాగుతున్న చోట అందరం అన్నం తిని మింగుదాం, పక్కింటివాళ్ళ చేత మింగిద్దాం. జబ్బు తగ్గిందని పంపిణీ ఆపేసిన చోట రాత్రి రక్తపరీక్షకి వేలు ఇద్దాం. వలసపోయి వచ్చినవాళ్ళు మరీ తప్పకుండా ఇవ్వాలి. ఆ చేత్తోనే గుంట పూడ్చమని పంచాయతీకి అర్జీ రాద్దాం. అర్జీకి కదలకపోతే ఏం చేయాలో మన కూలోళ్ళకి వేరే చెప్పాలా? వచ్చే ఉభాలకైనా గట్టుమీద ఎవరూ మిగలకూడదు.