తండ్రి పడవను డబ్బిచ్చి కొనుక్కున్న కొడుకు: డొనాల్డ్ క్యాంప్‌బెల్

ఈ మధ్య ఏడో తరగతిలో యావరేజ్ స్పీడ్ లెక్కలు చేయిస్తుంటే ఒక అబ్బాయి లేచి, స్పీడ్ రికార్డుకి ఒకసారి వేగంగా వెళ్తే సరిపోదా, రెండుసార్లు ఎందుకు వెళ్లాలి అని అడిగాడు. గాలి ఒకవైపు నుంచి తోస్తే లాభం వస్తుంది కాబట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు, గంటలోపు రెండు పరుగులు పూర్తి చేసి సగటు తీస్తారని చెప్పాను. పిల్లవాడు కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ రోజంతా డొనాల్డ్ క్యాంప్‌బెల్ గుర్తొస్తూనే ఉన్నాడు. ఆయన ప్రాణం పోయింది ఆ రెండో పరుగులోనే.

డొనాల్డ్ 1921 మార్చి 23న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి సర్ మాల్కమ్ క్యాంప్‌బెల్ అప్పటికి కారు రేసుల్లో ఉన్నాడు. తర్వాత నేల మీద తొమ్మిదిసార్లు, నీటి మీద నాలుగుసార్లు ప్రపంచ వేగం రికార్డు సాధించి దేశమంతటికీ హీరో అయ్యాడు. ఆయన కార్లకీ పడవలకీ అన్నిటికీ ఒకటే పేరు, బ్లూబర్డ్. ఇలాంటి ఇంట్లో పెరగడం సరదాగా ఉంటుందని మనం అనుకుంటాం. డొనాల్డ్‌కి మాత్రం చిన్నప్పుడు రుమాటిక్ ఫీవర్ వచ్చింది. ఆ కారణంగానే రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్ తీసుకోలేదు. గొప్ప తండ్రికి బలహీనమైన కొడుకు అనే మాట ఆయన్ని చాలాకాలం వెంటాడింది.

మాల్కమ్ 1939లో కోనిస్టన్ సరస్సు మీద బ్లూబర్డ్ కె4 అనే పడవతో గంటకు 141.74 మైళ్ల రికార్డు పెట్టాడు. అంటే సుమారు 228 కిలోమీటర్లు. యుద్ధం అయ్యాక అదే పడవలో రోల్స్ రాయిస్ ఇంజిన్ తీసేసి జెట్ ఇంజిన్ పెట్టి చూశాడు. కుదరలేదు. 1948 డిసెంబర్ 31న ఆయన కన్నుమూశాడు.

నన్ను ఆపేసిన విషయం ఇక్కడే ఉంది. ఆ పడవ కొడుక్కి వారసత్వంగా రాలేదు. ఆస్తుల లెక్కలో అది కూడా అమ్మకానికి పెట్టాల్సిన ఒక వస్తువు. ఒక అమెరికన్ తన తండ్రి రికార్డు కొట్టబోతున్నాడని విన్న డొనాల్డ్, తండ్రి పడవను డబ్బు చెల్లించి కొనుక్కున్నాడు. పాత పడవ కొన్నవాళ్లకి తెలుసు, కొనేటప్పుడు ఇచ్చింది మొదటి ఖర్చు మాత్రమే. బాడీ చూసుకోవాలి, ఇంజిన్ మార్చాలి, మార్చిన ఇంజిన్ బరువుకి పడవ తట్టుకుంటుందో లేదో చూడాలి. డొనాల్డ్ జెట్ ఇంజిన్ తీయించి మళ్లీ రోల్స్ రాయిస్ పిస్టన్ ఇంజిన్ పెట్టించాడు. తండ్రి దగ్గర పనిచేసిన మెకానిక్ లియో విల్లా ఆయనకి తోడుగా ఉన్నాడు. పడవ కంటే విలువైన వారసత్వం ఆ మెకానికే అని నాకు అనిపిస్తుంది.

అయినా కలిసి రాలేదు. 1950లో అమెరికా పడవ స్లో-మో-షన్ 4 రికార్డును 160 మైళ్లకి తీసుకుపోయింది. మరుసటి ఏడాది కోనిస్టన్‌లో సుమారు 170 మైళ్ల వేగంతో వెళ్తుండగా కె4 అడుగుభాగం దెబ్బతిని పడవ మునిగిపోయింది. డొనాల్డ్, విల్లా ఇద్దరూ బతికారు. 1952లో జాన్ కాబ్ అనే మరో ప్రముఖుడు లాక్ నెస్ సరస్సులో ఇదే ప్రయత్నంలో చనిపోయాడు. అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

డొనాల్డ్ కొత్త పడవ కట్టించాడు. నోరిస్ సోదరులు డిజైన్ చేసిన కె7 పూర్తిగా లోహంతో చేసిన జెట్ హైడ్రోప్లేన్. వేగం అందుకున్నాక అది మూడు చోట్ల మాత్రమే నీటిని తాకుతుంది. 1955 జూలై 23న అల్స్‌వాటర్ సరస్సు మీద అది 202.32 మైళ్లు అందుకుంది. ఆ తర్వాత 1964 వరకు మరో ఆరుసార్లు తన రికార్డును తానే దాటాడు. మధ్యలో 1960లో అమెరికాలో కారు ప్రమాదంలో పుర్రె ఎముక విరిగింది, అయినా కోలుకున్నాడు. 1964 జూలైలో ఆస్ట్రేలియాలోని ఎండిపోయిన లేక్ ఐర్ మీద కారులో 403.10 మైళ్లు, అదే ఏడాది డిసెంబర్ 31న డంబల్‌యంగ్ సరస్సు మీద పడవలో 276.33 మైళ్లు. నేల, నీరు రెండు రికార్డులూ ఒకే ఏడాదిలో సాధించినవాడు ఈ రోజుకీ ఆయనొక్కడే. డిసెంబర్ 31 తండ్రి పోయిన తేదీ అని గమనించే ఉంటారు.

తర్వాత ఆయన ఒక రాకెట్ కారు తయారు చేయాలనుకున్నాడు. దానికి డబ్బు కావాలి, డబ్బు రావాలంటే జనం దృష్టి పడాలి. అందుకని పదేళ్లు దాటిన కె7 నే మళ్లీ బయటికి తీసి, పాత బెరిల్ ఇంజిన్ స్థానంలో ఆర్ఫియస్ ఇంజిన్ బిగించారు. అది నాట్ యుద్ధవిమానంలో వాడే ఇంజిన్. నాట్ పేరు మనకి కొత్త కాదు. 1965 యుద్ధంలో మన ఎయిర్‌ఫోర్స్ నడిపిన చిన్న విమానం అదే, బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో కూడా తయారైంది. ఆ విమానం తోక రెక్కను కూడా పడవ వెనక అమర్చారు. ఇంజిన్ కొత్తది, శక్తి ఎక్కువ. పడవ మాత్రం 1950ల లెక్కలతో కట్టింది.

లక్ష్యం 300 మైళ్లు. 1967 జనవరి 4 ఉదయం కోనిస్టన్ మీద మొదటి పరుగు 297.6. సగటు 300 రావాలంటే తిరుగు పరుగు ఇంకా వేగంగా ఉండాలి. మామూలుగా అయితే అవతలి చివర ఇంధనం నింపుకుని, తన పడవే లేపిన అలలు సద్దుమణిగే దాకా ఆగాలి. ఆ రోజు ఆయన ఆగలేదు, వెంటనే వెనక్కి తిరిగాడు. 328 మైళ్లు దాకా అందుకున్న పడవ ముక్కు గాల్లోకి లేచి, పల్టీ కొట్టి నీటిని ఢీకొని ముక్కలైంది. అలలా, ఇంధనమా, ఇంజిన్ ఆగిపోవడమా అని నిపుణులు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. ఆయనకి 45 ఏళ్లు.

ముప్పై నాలుగేళ్లు పడవ అడుగునే ఉంది. 2001 మార్చిలో దాన్ని, మే నెలలో ఆయన శరీరాన్ని వెలికి తీశారు. సెప్టెంబర్‌లో కోనిస్టన్ ఊళ్లోనే అంత్యక్రియలు జరిగాయి. కూతురు జీనా క్యాంప్‌బెల్ కుటుంబం తరఫున ఆ శిథిలాల్ని అక్కడి రస్కిన్ మ్యూజియంకి ఇచ్చింది. వాలంటీర్లు ఏళ్ల తరబడి పనిచేసి మళ్లీ ఆర్ఫియస్ ఇంజిన్‌తోనే పడవను సిద్ధం చేశారు. 2018లో స్కాట్లండ్‌లోని లాక్ ఫాడ్ మీద అది నడిచింది కూడా. తర్వాత కొత్త పేచీ మొదలైంది. మిగిలిన శిథిలాలు మ్యూజియంవి సరే, మరి బాగు చేసినవాళ్లు చేర్చిన కొత్త భాగాలు, ఇంజిన్ ఎవరివి? మాల్కమ్ పోయాక కె4 గురించి వచ్చిన ప్రశ్న కూడా దాదాపు ఇలాంటిదే. గొడవ ఏళ్లపాటు సాగి తేలింది. 2024 మార్చిలో కె7 కోనిస్టన్ చేరింది. ఇప్పుడు ఆ సరస్సుకి దగ్గర్లోనే, మ్యూజియంలో తన కోసమే కట్టిన గదిలో ఉంది.