ఎవరు పోయారని అడిగిన పాట
(ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితం)

పోయిన వానాకాలంలో ఒక రోజు తొమ్మిదో తరగతి తెలుగు గంటలో చిన్న స్పీకరు పెట్టి ఘంటసాల పాడిన భగవద్గీత వినిపించాం. శ్లోకాల పోటీకి పిల్లలను తయారు చేద్దామని మా ఉద్దేశం. మొదటి శ్లోకం పూర్తి కాకముందే వెనక బెంచీలోని అబ్బాయి లేచి, ఎవరు పోయారని అడిగాడు. క్లాసంతా ఘొల్లుమంది. వాడు మాత్రం వేళాకోళానికి అడగలేదు. సెలవులకు విశాఖ వైపు తాతగారి ఊరు వెళ్లినప్పుడల్లా ఆ గొంతును అంతిమయాత్ర బండి మీదనే విన్నాడట.

వాడి తప్పేమీ లేదు. తెలుగునాట ఈ రికార్డు మోగితే చాలు, ఎవరింట్లోనో ఏదో జరిగిందని వీధిలోకి తొంగి చూస్తారు. బదిలీల మీద మేము తిరిగిన ఊళ్లలో, తెలుగువాళ్లు నాలుగు కుటుంబాలే ఉన్నచోట కూడా ఇదే వాడుక. కానీ ఆ పాట పాడినాయన దాన్ని చావు కోసం పాడలేదు. తన గుండె మొరాయిస్తున్న రోజుల్లో, బతికి ఉన్నవాళ్లు వినాలని పాడాడు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి పిల్లలకు ఆయన కథ చెప్పాం. పత్రికకు ఏదైనా రాయమన్నప్పుడు మళ్లీ అదే గుర్తొచ్చింది.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. (ఘంటసాల అనే ఊరు కూడా అదే జిల్లాలో ఉంది. అది వేరే ఊరు, ఈయనకు అది ఇంటిపేరు.) తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. సూరయ్య భజనల్లో పాడేవాడు, మృదంగం వాయించేవాడు. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకెళితే, పిల్లవాడు నారాయణతీర్థుల తరంగాలకు అడుగులు వేసేవాడు. బాలభరతుడని ఊరివాళ్లు ముద్దుగా పిలిచేవారు. పదకొండేళ్ల వయసుకే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోమన్నదే ఆయన కొడుకును చివరగా కోరిన కోరిక. ఆ తర్వాత మేనమామ చేరదీశాడు.

మాట ఇచ్చినంత సులువుగా చదువు దొరకలేదు. నేర్పుతామన్నవాళ్ల ఇళ్లలో పాఠం కన్నా చాకిరీ ఎక్కువైంది. చివరికి చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం రైలెక్కాడు. అక్కడి మహారాజా సంగీత కళాశాల అప్పట్లో తెలుగువాళ్లకు పెద్ద దిక్కు. హరికథకు పేరైన ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్‌కు పేరైన ద్వారం వెంకటస్వామినాయుడు ఆ కళాశాలను నడిపించినవారే. కుర్రవాడు వెళ్లేసరికి వేసవి సెలవులు. తలుపులు మూసి ఉన్నాయి.

వారాలు చెప్పుకోవడం అనే మాట ఈ తరం పిల్లలు విని ఉండరు. పేద విద్యార్థికి సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, ఇలా వారమంతా ఏడిళ్లలో భోజనం కుదుర్చుకోవడం. ఘంటసాల అలాగే తిన్నాడు. తోటివాళ్లు చేసిన ఒక తప్పు ఇతని మీద పడటంతో ఆ ఇళ్ల తలుపులు కూడా మూసుకున్నాయని చెబుతారు. గుళ్లో తలదాచుకున్న ఆ కుర్రవాణ్ని పట్రాయని సీతారామశాస్త్రి అనే సంగీత గురువు చూసి ఇంటికి తీసుకెళ్లాడు. గురువుకూ అంతంత మాత్రమే. పాఠం ఉచితంగా చెప్పగలడు గాని రెండు పూటలా అన్నం పెట్టలేడు. అందుకని శిష్యుడు భుజాన జోలె వేసుకుని మాధుకరానికి బయలుదేరాడు. ఇంటింటా నిలబడి, వేసిన ముద్ద తెచ్చుకోవడమే మాధుకరం. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లవాడికి, అందులోనూ ఊళ్లో బాలభరతుడనిపించుకున్నవాడికి, కొత్త ఊళ్లో ముక్కూమొహం తెలియని గడప ముందు మొదటిసారి నోరు తెరవడం ఎంత కష్టమో! బదిలీ మీద కొత్త స్కూలుకు వచ్చి మొదటి రోజు పేరు చెప్పడానికి గొంతు పెగలని పిల్లలను ఎంతోమందిని చూశాం కాబట్టి, ఈ ఘట్టం చెప్పేటప్పుడు మేము కొంచెం ఆగుతాం.

కొన్నాళ్లకు గురువు సాలూరు వెళ్లిపోయాడు. శిష్యుడు ఒంటరిగానే మిగిలిన చదువు పూర్తి చేసి, పట్టా పుచ్చుకుని సొంత ఊరు చేరాడు. (చాలా ఏళ్లకు ఆ గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు మద్రాసులో ఘంటసాలకు సహాయకుడై, చివరిదాకా పక్కన హార్మోనియం పట్టుకుని కూర్చున్నాడు. ఆ ఇంటి రుణం అలా కొనసాగింది.)

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాల అందులో దిగి పద్దెనిమిది నెలలు బళ్లారి దగ్గర అలీపురం జైల్లో ఉన్నాడు. మన ఊళ్లో సెల్యులర్ జైలు చూసినవాళ్లకు జైలనగానే ఆ ఒంటరి గదులే కళ్ల ముందు ఆడతాయి. అలీపురం అటువంటిది కాదు. అక్కడ ఉద్యమకారులు కలిసి ఉండేవాళ్లు, సాయంత్రాలు అతని చేత పాడించుకునేవాళ్లు. విడుదలయ్యాక 1944లో సావిత్రిగారితో పెళ్లి. పెళ్లికి కచేరీ పెట్టించే స్తోమత లేదు. పెళ్లికొడుకే కూర్చుని పాడాడు! పిల్లలకు ఈ కథలో బాగా నచ్చేది ఈ ముక్కే.

మద్రాసులో రోజులు త్వరగా చెప్పేస్తాం. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య పిలుపు మీద వెళ్లాడు. ఆయన ఇంట్లో ఇరుకని, రాత్రిళ్లు పానగల్ పార్కులో పడుకునేవాడు. రికార్డుల కంపెనీవాళ్లు గొంతు పరీక్ష చేసి మైకుకు పనికిరాదన్నారు. అదే గొంతును రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు పాడించాడు. తర్వాత పేకేటి శివరాం రికార్డింగు వ్యవహారాలు చూస్తున్నప్పుడు రికార్డు కూడా చేయించాడు. 1945లో స్వర్గసీమలో భానుమతి పక్కన పాడాడు. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, ఆ మధ్యలో గాయకుడిగా దేవదాసు... ఈ పేర్లు మీ తాతయ్యల ముందు చదవండి. మిగతా చరిత్ర వాళ్లే చెబుతారు.

మేము నిలబడి చెప్పదలచింది సినిమాల గురించి కాదు. పేరు వస్తున్న ఆ రోజుల్లోనే ఆయన చేసిన ఒక వింత పని గురించి. సినిమాతో సంబంధం లేకుండా, తాళం లేని తెలుగు పద్యాలను రికార్డుకెక్కించాడు. పద్యాలు కూడా ఎటువంటివి! గుంటూరు జిల్లా కవి కరుణశ్రీ, అంటే జంధ్యాల పాపయ్యశాస్త్రి, రాసిన 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి'. రెండూ ఏడిపించేవే.

పుష్పవిలాపంలో కవి తెల్లవారి పూజకు పూలు కోయడానికి తోటకు వెళతాడు. కొమ్మ మీద చెయ్యి వేయబోతే పూలు భోరున ఏడుస్తాయి. తల్లి ఒడిలో ఉన్న మమ్మల్ని తెంపి, దారానికి గుచ్చి, వాడిపోగానే ఊడ్చి పారేస్తారు కదా అని అడుగుతాయి. కవి ఖాళీ చేతులతో గుడికి తిరిగి వస్తాడు. కుంతీకుమారి ఇంకా కఠినం. పెళ్లి కాని పిల్ల, మంత్రం నిజమో కాదో చూద్దామన్న చిన్నతనం, దాంతో ఒడిలోకి వచ్చిన పసివాడు. లోకానికి జడిసి ఆ బిడ్డను పెట్టెలో పెట్టి ఏటిలో వదలాలి. వదిలే ముందు ఆమె ఎన్నిసార్లు వాణ్ని మళ్లీ ఎత్తుకుంటుందో చెప్పడమే ఆ పద్యాల పని.

ఇప్పుడు రికార్డు సంగతి. అప్పటి రికార్డు లక్కతో చేసిన నల్లటి పళ్లెం. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక పక్క పట్టేది మూడు నిమిషాల చిల్లర మాత్రమే. పాడుతుండగా తప్పు దొర్లితే ఆ ముక్క ఒక్కటే కోసి అతికించే వీలు లేదు, మొదటి నుంచి పాడాలి. వాద్యాలు, గొంతు అన్నీ ఒకేసారి పలకాలి. అదే కాలంలో నాటకాల్లో పద్యమంటే ఎలా ఉండేది? ఒక పద్యాన్ని రాగం తీసి పావుగంట సాగదీసేవారు. వన్స్‌మోర్ అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడేది. ఆ పద్ధతిలో పాడితే మూడు నిమిషాల్లో కవి తోట గేటు కూడా దాటడు.

ఘంటసాల ఏం చేశాడంటే, రాగాన్ని పద్యానికి కాపలా పెట్టాడు. ముందు ఒక చిన్న ఆలాపన, అంతే. తర్వాత ప్రతి మాటా అచ్చులో చదివినట్టు వినబడాలి. మీరు వ్యాకరణంలో చదువుకునే ఉత్పలమాల, చంపకమాలలే అవి. గణాలు లెక్క పెడుతూ మనం పాదం చివర ఆగుతాం. ఆయన అర్థం ఎక్కడ పూర్తయితే అక్కడ ఆగాడు. పద్యానికీ పద్యానికీ మధ్య మామూలు మాటల్లో రెండు ముక్కలు చెప్పి కథ అందించాడు. దుఃఖం వచ్చే చోట గొంతు పెంచలేదు, తగ్గించాడు. సంప్రదాయాన్ని వదలకుండా దాన్ని మూడు నిమిషాల పళ్లెంలో పట్టించడానికి ఆయన కనిపెట్టిన దారి ఇది. చదువు రానివాళ్లు కూడా వృత్తాలు అప్పజెప్పడం ఆ రికార్డుల పుణ్యమే. మా అభిప్రాయం అడిగితే, ఆయన సినిమా పాటలన్నిటికంటే ఇదే పెద్ద పని. తోటి అధ్యాపకులు కొందరు ఒప్పుకోరు, వాదిస్తారు. వాదించనివ్వండి.

ఏడుపు పద్యాలు పిల్లలకు ఎందుకని ఒక తల్లి మమ్మల్ని అడిగారు. ఆమె ప్రశ్న న్యాయమైనదే. మేము చూసింది చెప్పాం. కుంతీకుమారి విన్న రోజు మా క్లాసులో ఎవరూ దిగులుగా కూర్చోలేదు. ఆ పెట్టె చివరికి ఎక్కడ తేలిందని అడిగారు. నాలుగు నదులు దాటి చంపానగరం దగ్గర అధిరథుడికి దొరికిందని చెబితే బ్లాకు బోర్డు మీద ఆ నదుల పేర్లు రాయించుకున్నారు.

1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికా తిరిగి పాడివచ్చాడు. అప్పటికే చక్కెర వ్యాధి పట్టుకుంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బయటికి వచ్చాక భగవద్గీత పాడాలన్న కోరిక బలపడింది. ఏడు వందల శ్లోకాలనూ పాడటం కుదరదు గనుక వాటిలో కొన్నిటిని ఏరుకుని, సంగీతం తానే కూర్చుకుని, శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం కూడా తానే చెప్పాడు. అప్పటికి రికార్డులు పెద్దవయ్యాయి, ఒక పక్కే ఇరవై నిమిషాలు దాటి పట్టేది. కానీ ఈసారి ఆయన ఊపిరే తక్కువ. అయినా వినండి, ఎక్కడా తొందర లేదు. పుష్పవిలాపంలో నేర్చిన పద్ధతే. చిన్న రాగం, నిండైన మాట.

అర్జునుడు యుద్ధభూమిలో విల్లు జారవిడిచి కూలబడటంతో గీత మొదలవుతుంది. వణుకుతున్న మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలు అవి. ఆసుపత్రి నుంచి లేచి వచ్చిన మనిషికి ఆ ఘట్టం ఎలా తోచిందో మనం ఊహించుకోవలసిందే.

1974 ఫిబ్రవరి 11న మద్రాసు ఆసుపత్రిలో ఘంటసాల కన్నుమూశాడు. యాభై ఒక్క ఏళ్లు. గీత రికార్డు జనం చేతికి వచ్చేసరికి ఆయన లేడు. మొదటిసారి విన్నవాళ్లంతా పోయినాయన గొంతుగానే విన్నారు. చావు ఇళ్ల ముందు దాన్ని పెట్టే అలవాటుకు మొదలు అక్కడే పడిందేమోనని మాకు అనిపిస్తుంది.

వెనక బెంచీ అబ్బాయి ఇప్పుడు పదో తరగతి. వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది, పరీక్షలు కాగానే ఓడ ఎక్కుతారు. ఈలోగా వార్షికోత్సవానికి పుష్పవిలాపం పాడతానని పేరు ఇచ్చాడు. రెండో పద్యం దాకా బాగానే వస్తోంది. మూడో దాంట్లో ఊపిరి చాలక పాదం చివర ఆగిపోతున్నాడు. రోజూ ప్రార్థన గంటకు పది నిమిషాల ముందే వచ్చి, స్పీకరు పెట్టి, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో వెతుకుతున్నాం.