ఈగలపై ఎక్స్‌రే వేశారు.. టెలోమియర్‌ను పట్టేశారు!

మన కణాల్లోని ప్రతి క్రోమోజోమ్‌కు రెండు చివర్లలోనూ రక్షణ తొడుగులుంటాయి. వాటి పేరు టెలోమియర్లు. ఆ పేరు పెట్టింది హెర్మన్ ముల్లర్. ప్రాణాల మీదకు వచ్చినా సైన్స్‌ను వదలని మనిషి.

1890లో న్యూయార్క్‌లో పుట్టారు. టెక్సాస్ యూనివర్సిటీలో పండ్ల ఈగలపై ఎక్స్‌రేలు ప్రయోగించారు. వాటితో జన్యువులు మారిపోతున్నాయని 1927లో ప్రకటించారు. అంతే.. ఆయన పేరు మారుమోగిపోయింది!

1933లో సోవియట్ యూనియన్ వెళ్లారు. అక్కడ స్టాలిన్ అండ ఉన్న లైసెంకో జన్యుశాస్త్రమే తప్పంటున్నాడు. 1936లో మాస్కోలో నిండు సభలో ముల్లర్ ఎదురు నిలిచారు. టెక్సాస్‌లో తన దగ్గర పనిచేసిన ఇద్దరు సోవియట్ శాస్త్రవేత్తలను ఆ తర్వాత కాల్చి చంపారు. ముల్లర్ మాత్రం 1937లో బయటపడ్డారు.

ఆ మరుసటి ఏడాదే టెలోమియర్ పేరు బయటకొచ్చింది. ఎక్స్‌రే తగిలి తెగిన క్రోమోజోమ్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అసలు చివర్లు మాత్రం దేనికీ అతుక్కోవడం లేదు. చీర కొంగు దారాలు ఊడకుండా కుచ్చులు ముడివేస్తాం కదా! క్రోమోజోమ్ చివర్లకూ అలాంటి కట్టుదిట్టం ఉందని ముల్లర్ తేల్చారు.

1946లో ఎక్స్‌రే పరిశోధనకు నోబెల్ వచ్చింది. అదే రేడియేషన్ తరతరాలకు ముప్పని చివరిదాకా హెచ్చరించారు. 1967లో 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. టెలోమియర్లు క్రోమోజోమ్‌లను ఎలా కాపాడతాయో తేల్చిన ముగ్గురికి 2009లో నోబెల్ దక్కింది. ముల్లర్ పెట్టిన పేరే ఇప్పటికీ వాడుతున్నారు.