యూజీన్ శాండో

యూజీన్ శాండో (ఏప్రిల్ 2, 1867 - అక్టోబరు 14, 1925) ప్రష్యాలో పుట్టి ఇంగ్లాండులో స్థిరపడిన సుప్రసిద్ధ బలశాలి, వ్యాయామ గురువు, వ్యాపారవేత్త. ఆధునిక దేహదారుఢ్య విద్యకు పితామహునిగా పేరు పొందాడు. బలప్రదర్శనలే జీవనోపాధిగా ఎదిగిన ఈయన, క్రమంగా ఆ వృత్తికి దూరమై తన పేరుతో వ్యాయామశాలల శాఖలను నెలకొల్పాడు.

బాల్యము, ప్రదర్శనలు

శాండో కోనిగ్స్‌బర్గ్ నగరంలో (నేటి రష్యాలోని కాలినిన్‌గ్రాడ్) జన్మించాడు. అసలు పేరు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ముల్లర్. బ్రస్సెల్స్‌లో ప్రొఫెసర్ అటిలా వద్ద శిక్షణ పొందాడు. 1889లో లండన్‌లో శాంప్సన్ అనే బలశాలిని ఓడించడంతో ఈయన పేరు మారుమ్రోగింది. 1893లో ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ ఆధ్వర్యంలో షికాగోలో ప్రదర్శనలిచ్చాడు. 1894లో ఎడిసన్ స్టూడియోలో ఈయనపై ఒక చలనచిత్రం తీశారు.

వ్యాయామశాలల స్థాపన

బలప్రదర్శన వలన వచ్చే రాబడి ప్రదర్శకుని శరీరం మీదనే ఆధారపడి ఉంటుంది. వయసు మళ్ళితే ఆ రాబడి ఆగిపోతుంది. తన బలానికి బదులు తన పద్ధతిని అందిస్తే, అది తాను లేని చోట కూడా సాగుతుంది. 1897లో లండన్‌లోని సెయింట్ జేమ్స్ వీధిలో ఈయన వ్యాయామశాల ప్రారంభమైంది. తరువాత ఇతర ప్రాంతాలలో శాఖలు వెలిశాయి. విద్యార్థి శరీర కొలతలు తీసుకొని, తగిన వ్యాయామాలు నిర్ణయించి, తేలికపాటి డంబెల్స్‌తో సాధన చేయించేవారు. దూరప్రాంతాల వారికి తపాలా ద్వారా కూడా పాఠాలు పంపేవారు. 1898లో ఒక వ్యాయామ మాసపత్రికను ప్రారంభించాడు.

1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఈయన నిర్వహించిన దేహదారుఢ్య పోటీకి రచయిత ఆర్థర్ కోనన్ డాయల్, శిల్పి చార్లెస్ లాస్ న్యాయనిర్ణేతలుగా వ్యవహరించారు. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రే విజేతగా నిలిచాడు. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి శాండోను తన వ్యాయామ ఆచార్యునిగా నియమించాడు.

చివరి దశ

వ్యాయామ పరికరాలతో ఆగక, శాండో కోకో తయారీలోకి కూడా దిగాడు. వ్యాయామ విద్యలో సంపాదించిన పేరు ఈ వ్యాపారాన్ని నిలబెట్టలేకపోయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, ఆ సంస్థ దివాలా తీసింది. 1925లో లండన్‌లో మరణించిన శాండోను పట్నీ వేల్ శ్మశానవాటికలో ఖననం చేశారు. చాలాకాలం ఆ సమాధిపై పేరైనా లేదు. 2008లో ఈయన వంశస్థుడు అక్కడ స్మారక శిలను నిలిపాడు.

భారతదేశంలో

శాండో 1904-05లో భారతదేశంలో పర్యటించాడు. బలశాలుల పేర్లకు ముందు "శాండో" అని చేర్చడం ఇక్కడ వాడుక అయింది. సినీ నిర్మాత శాండో చిన్నప్ప దేవర్ ఇందుకు ఉదాహరణ. చేతులు లేని బనియనును కూడా శాండో బనియను అంటారు. మిస్టర్ ఒలింపియా విజేతకు బహూకరించే ప్రతిమ ఈయన రూపమే.