పసిపిల్లల బడిని ప్రేమించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్

ఉస్మానియా యూనివర్సిటీ ప్రక్కనే, హబ్సిగూడ, తార్నాకలలో ఉంటున్న మనకు పెద్ద చదువులంటే గౌరవం మెండు. ఐతే వాటికి పునాది పసిపిల్లల బడిలోనే పడుతుందని జీవితమంతా ఆచరించి చూపినవారు మర్హూమ్ డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్.

ఆయన 1897లో మన హైదరాబాదులోనే పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు పోయారు. 1911లో ప్లేగు వచ్చి తల్లిగారూ పోయారు.

జర్మనీలో డాక్టరేటు పొంది, 1926లో తిరిగి వచ్చారు. పెద్ద ఉద్యోగం వెతుక్కోకుండా, డబ్బుకు కటకటలాడుతున్న ఢిల్లీ జామియా మిల్లియా భారం 29వ ఏట నెత్తికెత్తుకున్నారు. 1948 దాకా మోశారు. అక్కడి చిన్నపిల్లల బడిని కాలేజీకంటే తక్కువగా చూడలేదు. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు వనిత 1933లో వచ్చి ఆ పిల్లలకు ఆపాజాన్ అయింది. సాహెబ్ గారు కూడా పిల్లలకోసం తేలిక ఉర్దూలో కథలు వ్రాశారు. ఒకనాడు బడిలో మిఠాయి పంచుతుండగా తమ చిన్నారి కూతురు చనిపోయిందని కబురు వచ్చిందట. పిల్లల సంతోషం చెడకూడదని పంచడం ఆపలేదని చెప్పుకుంటారు.

1937లో గాంధీజీ ఆధ్వర్యాన జరిగిన వార్ధా సభ వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. 7 ఏళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపని కావాలని ఆ కమిటీ చెప్పింది. 1967లో రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు.

2020 జాతీయ విద్యావిధానం 3 ఏళ్ళ వయసునుంచే చదువును లెక్కలోకి తీసుకున్నది. కాని సర్కారు కాగితం ఒక్కటే చాలదు. అమ్మీ, అబ్బా రోజూ కాసేపు బిడ్డ ప్రక్కన కూర్చుని కథ చెప్పాలి. బడికి వెళ్ళి టీచరమ్మతో మాట్లాడాలి. ఈ పని మన ఇళ్ళలో మొదలైతే ఆ మహనీయుణ్ణి నిజంగా తలచుకున్నట్లే. అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.