సహోదరుని సంపాదించుకున్న ఓర్పు

సంఘంలో ఒకరు తప్పిపోయారని వినగానే మనం ఏమి చేస్తున్నాము? పేరు చెప్పకుండానే అందరికీ అర్థమయ్యేలా ప్రసంగంలో గద్దిస్తాము. వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం పెడతాము. ఆ మనిషి ఇంటికి మాత్రం వెళ్లము. ఈ విషయంలో దైవసేవకుడు జాన్ న్యూటన్ జీవితం మనల్ని నిలదీస్తుంది.

న్యూటన్ 1725లో లండన్‌లో జన్మించారు. యౌవనంలో దేవుణ్ణి దూషిస్తూ తిరిగిన ఈ నావికుడు 1748లో సముద్రం మీద తుఫానులో చిక్కుకొని ప్రభువుకు మొరపెట్టారు. అయితే ఆ తరువాత కూడా ఆఫ్రికా బానిసలను మోసే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశారు. 1754లో అనారోగ్యం వల్ల సముద్రాన్ని విడిచారు. ఆ వ్యాపారపు ఘోరాన్ని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం రాసింది 1788లోనే. దేవుడు ఆయనను ఒక్క రోజులో కాదు, ఏళ్ల తరబడి ఓపికతో సరిదిద్దాడు.

1764లో ఆయన ఇంగ్లాండులోని ఓల్నీ పట్టణానికి కాపరిగా వచ్చారు. పొరుగు గ్రామాల్లో థామస్ స్కాట్ అనే యువ పాదిరి ఉండేవాడు. బ్రతుకుతెరువు కోసమే సేవలో చేరిన అతడు త్రిత్వాన్ని నమ్మేవాడు కాదు. న్యూటన్ బోధ అంటే చులకన. 1774 ఆరంభంలో స్కాట్ సంఘంలోని భార్యాభర్తలు చావుబతుకుల మధ్య ఉంటే అతడు పలకరించలేదు. న్యూటన్ మాత్రం పలుమార్లు వెళ్లి పరామర్శించారు. ఆ సంగతి తెలిసి స్కాట్ లోలోపల సిగ్గుపడ్డాడు.

1775లో అతడు న్యూటన్‌ను వాదంలోకి దింపాలని ఉత్తరాలు మొదలుపెట్టాడు. న్యూటన్ ప్రతి ఉత్తరానికీ ప్రేమతో జవాబిచ్చారు. తాను నమ్మిన సత్యాన్ని దాచలేదు, విశ్వాసమంటే ఏమిటో విడమరచి రాశారు. కాని వాదానికి దిగలేదు. విసిగిన స్కాట్ ఆ సంవత్సరాంతంలో ఉత్తరాలు ఆపేశాడు. చూసేవారికి న్యూటన్ ప్రయాస వ్యర్థమైనట్టే.

కొంతకాలానికి స్కాట్‌కు కష్టం వచ్చింది. అప్పుడు అతడు వెళ్లింది న్యూటన్ దగ్గరకే. అక్కడ దొరికిన ఆదరణ అతని మనసు కరిగించింది. ఆపై లేఖనాలను స్వయంగా పరిశోధిస్తూ, ఒకప్పుడు తోసిపుచ్చిన సత్యాలన్నిటినీ ఒక్కొక్కటిగా అంగీకరించాడు. 1779లో ఆ మార్పును పుస్తకంగా ప్రకటించాడు. 1781లో న్యూటన్ విడిచిన ఓల్నీలోనే పరిచర్యకు నిలిచాడు.

ఆ స్కాట్ ప్రసంగాలు విని ఎంతో మేలు పొందిన యువకులలో విలియం కేరీ ఒకరు. కేరీ, ఆయన సహచరులు శ్రీరాంపూర్‌లో 1818లో తెలుగు కొత్త నిబంధనను అచ్చువేశారు. ఓల్నీలో ఒక కాపరి చూపిన ఓర్పు ఫలం మన భాష దాకా వచ్చింది.

ప్రియులారా, ప్రేమతో సరిదిద్దడమంటే తప్పును ఒప్పు అనడం కాదు. న్యూటన్ అలా అనలేదు. తప్పిన సహోదరుడు కష్టంలో మన తలుపు తట్టగలిగేలా దాన్ని తెరిచి ఉంచడం. గలతీ పత్రిక ఆరవ అధ్యాయం మొదటి వచనం మనల్ని కోరేది ఆ సాత్వికమే. ఎవరి తప్పు గురించి నలుగురితో మాట్లాడామో, ఈ వారం వారి ఇంటికి ఒక్కసారి వెళ్దాము. అట్టి ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.