ఆటస్థలమునకు పిలువబడిన బోధకుడు
(డాక్టరు జేమ్స్ నైస్మిత్ జీవితము)

ధ్యానమునకు: జెకర్యా 8:1–8; 1 కొరింథీయులకు 9:24–27



పాడైపోయిన యెరూషలేమునకు దేవుడు మరల దయచేయబోవు క్షేమమును వర్ణించుచు, జెకర్యా ప్రవక్త ఆ పట్టణపు వీధులలో ముసలివారు నెమ్మదిగా కూర్చుండుటను, ఆ వీధులలోనే పిల్లలు ఆడుకొనుటను మనకు చూపించుచున్నాడు. పిల్లల ఆట దేవుని ఆశీర్వాదమునకు గురుతుగా లేఖనములో వ్రాయబడినది. అయినను ఆటయనగా కాలహరణమనియు, భక్తికి విరోధమనియు తలంచు పెద్దలు మన సంఘములలో లేకపోలేదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పల్లెలలో పత్తిచేల పని, మిరపకోతలు ముగించుకొని వచ్చిన యౌవనస్థులు గుడి ఆవరణములో వాలీబాలు ఆడుచుండగా, గొణుగుకొనుచు ప్రక్కనుండి పోవు పెద్దలను చూచియున్నాము. వారికిని, ఆ యౌవనస్థులకును మేలుకలుగునని డాక్టరు జేమ్స్ నైస్మిత్ గారి జీవితమును ఇక్కడ వ్రాయుచున్నాము. బాస్కెట్‌బాల్, అనగా బుట్టబంతి ఆటను కనిపెట్టినవాడు ఈయనే.

నైస్మిత్ 1861 నవంబరు 6వ తేదీన కెనడా దేశములో, ఒంటారియో రాష్ట్రమందలి ఆల్మాంటు అను ఊరి దగ్గర జన్మించెను. స్కాట్లండునుండి వలస వచ్చిన కుటుంబము వారిది. 1870లో టైఫాయిడు జ్వరము వచ్చి కొన్ని వారముల వ్యవధిలోనే తండ్రియు తల్లియు చనిపోయిరి. తొమ్మిదేండ్ల పిల్లవానిని, వాని తోడబుట్టినవారిని మేనమామ పెంచవలసివచ్చెను. పిల్లవాడు నడుమ చదువు మానివేసి, అడవులలో చెట్లు నరుకు కూలివారితో కలిసి కొన్ని సంవత్సరములు పనిచేసెను. తరువాత బుద్ధి తెచ్చుకొని, తనకంటె చిన్నవారి ప్రక్కన కూర్చుండి చదువు ముగించి, 1883లో మాంట్రియల్ పట్టణములోని మెగ్గిల్ విశ్వవిద్యాలయములో చేరెను. ఆ కెనడా దేశమునుండియే 1874లో బాప్టిస్టు మిషనరీలు కాకినాడకు వచ్చి మన తెలుగువారి మధ్య పని ఆరంభించియుండిరి.

బోధకుడు కావలెనని నైస్మిత్ కోరిక. పట్టా పొందిన పిదప ప్రెస్బిటేరియన్ వేదాంత కళాశాలలో చదివెను. అయితే ఆయనకు ఆటలన్న మిక్కిలి ఇష్టము. వేదాంత విద్యార్థి బురదలో పడి బంతికొరకు పెనుగులాడుట తోటివారికి నచ్చలేదు. కొందరు ఒక గదిలో కూడుకొని ఆయన ఆత్మకొరకు ప్రార్థన చేసిరట. ఆటలో దెబ్బ తగిలి నల్లబడిన కన్నులతోనే ఆయన ఒక ఆదివారము ప్రసంగ పీఠమెక్కిన సంగతియు కలదు.

ఇట్లుండగా ఒకనాడు ఆటలో, ప్రక్కనున్న ఆటగాడొకడు కోపమాపుకొనలేక చెడ్డమాట పలికెను. వెంటనే నైస్మిత్ తట్టు తిరిగి, నీవున్నావని మరచితినని చెప్పి క్షమాపణ కోరెను. నైస్మిత్ అంతవరకు చెడ్డమాటలను గూర్చి అతనికి ఒక్క ముక్కయైనను బోధించియుండలేదు. తాను నోరు తెరువకుండనే తన నడవడి అతనికి ప్రసంగమైనదని ఆయన గ్రహించెను. యౌవనస్థులకు మేలుచేయుటకు ప్రసంగ పీఠముకాక వేరొక మార్గమును కలదని నమ్మి, 1890లో వేదాంత విద్య ముగియగానే అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమునకు వెళ్లి క్రైస్తవ యువజన సంఘము, అనగా వై.ఎమ్.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో చేరెను. పరిచర్య విడిచిపెట్టెనని ఆయన సహోదరి మిక్కిలి నొచ్చుకొనెను.

1891 చలికాలము వచ్చెను. బయట మంచు, లోపల ఆడుటకు తగిన ఆటలేదు. పదునెనిమిదిమంది విద్యార్థుల తరగతియొకటి వ్యాయామమనగా విసుగుకొని ఉపాధ్యాయుల మాట వినకుండెను. వారికి క్రొత్త ఆటను కనిపెట్టుమని పాఠశాల వ్యాయామ విభాగాధికారి గల్లిక్ గారు రెండు వారముల గడువిచ్చి నైస్మిత్‌ను నియమించెను. తెలిసిన ఆటలన్నిటిని మార్చి చూచెను గాని ఏదియు ఫలింపలేదు. అప్పుడు చిన్ననాటి రాళ్ల ఆటయొకటి జ్ఞాపకమునకు వచ్చెను. పెద్ద బండమీద ఒక రాయి పెట్టి దూరమునుండి రాళ్లు రువ్వి దానిని పడగొట్టుట ఆ ఆట. బలముకొలది విసరినవాని రాయి దూరముగా పోవును. మెల్లగా పైకెత్తి వేసినవాని రాయి గురికి తగులును. కావున గురిని తలలకు పైన పెట్టినయెడల బలముకంటె నేర్పు గెలుచునని ఆయనకు తోచెను. బంతి పట్టుకొని పరుగెత్తకూడదన్నయెడల ఒకరినొకరు పడద్రోయు పనియే యుండదు.

రెండు పెట్టెలు తెమ్మని పాఠశాల పనివానిని అడుగగా, అతడు పెట్టెలు లేవని పీచ్‌పండ్ల బుట్టలు రెండు తెచ్చెను. వాటిని పది అడుగుల ఎత్తున ఇరువైపుల మేడ కమ్మికి మేకులతో కొట్టిరి. నైస్మిత్ 13 నియమములు వ్రాసి గోడకు అంటించెను. భుజముతో త్రోయకూడదు, పట్టుకొనకూడదు, కాలడ్డము పెట్టకూడదు, కొట్టకూడదు. రెండవమారు తప్పుచేసినవాడు మరియొక గోలు పడువరకు బయట కూర్చుండవలెను. 1891 డిసెంబరు 21న జట్టుకు తొమ్మిదిమంది చొప్పున తొలి ఆట జరిగెను. ఒకే ఒక్క గోలు పడెను. ఈ ఆటకు ఆయన పేరే పెట్టుదమని విద్యార్థి యొకడు అడుగగా ఆయన ఒప్పుకొనలేదు. బుట్ట, బంతి ఉన్నవి గనుక బాస్కెట్‌బాల్ అనిరి.

వై.ఎమ్.సి.ఏ. సేవకులు ఈ ఆటను దేశదేశములకు మోసికొనిపోయిరి. ఆ స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హ్యారీ క్రో బక్ గారు మద్రాసుకు వచ్చి 1920లో వ్యాయామ కళాశాల స్థాపించిరి. అప్పుడు మన కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. బక్ గారు 1943లో ఆ మద్రాసులోనే మరణించిరి.

డబ్బు పుచ్చుకొని ఆడు జట్ల కూటమి 1898లోనే అమెరికాలో వెలసెను. నేడు ఆ దేశమున ఈ ఆట ఆడువారు కోట్లు గడించుచున్నారు. 2015లో పంజాబు పల్లెటూరివాడైన సత్నాంసింగ్‌ను డల్లాసు జట్టు ఎంపిక చేసికొనెను. ఆ ఎంపికలో పేరు వచ్చిన మొదటి భారతీయుడతడే. ఆటను కనిపెట్టిన నైస్మిత్ మాత్రము దానివలన ధనము వెదకలేదు. వైద్యపట్టా పొంది, 1898లో కాన్సాసు విశ్వవిద్యాలయములో ప్రార్థనాలయపు పనికిని వ్యాయామ విద్యకును చేరి, ఉపాధ్యాయుని జీతముతోనే జీవించెను. అక్కడ ఆయన జట్టు గెలిచిన ఆటలు 55, ఓడినవి 60. గెలుపుకంటె ఆటగాని నడవడియే ఆయనకు ముఖ్యము.

ఇందుకు సాక్ష్యముగా ఒక సంగతి చెప్పుదుము. 1933లో జాన్ మెక్‌లెండన్ అను నల్లజాతి యువకుడు అక్కడ చేరెను. నల్లవారిని ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడనిచ్చెడివారు కారు. మన పితరులను ఊరిబావికి ఎట్లు రానీయలేదో, అతనిని ఆటస్థలమునకు అట్లే రానీయలేదు. తండ్రి చెప్పగా ఆ యువకుడు నేరుగా నైస్మిత్ గదికి వెళ్లెను. డెబ్బది దాటిన ఆ వృద్ధుడు అతనిని చేర్చుకొని, తన నేర్పంతయు చెప్పి, శిక్షకునిగా తీర్చిదిద్దెను. మెక్‌లెండన్ జట్టు 1957, 1958, 1959 సంవత్సరములలో వరుసగా మూడుమారులు కళాశాలల జాతీయ పోటీలలో గెలిచెను. 1961లో అతడు క్లీవ్‌లాండు నగరపు వృత్తి జట్టుకు శిక్షకుడాయెను. ఆడనీయబడనివాడు అనేకులకు ఆట నేర్పెను.

నైస్మిత్ 1916లో బోధకునిగా అభిషేకము పొంది సైనికులకు పరిచర్య చేసెను. మొదటి ప్రపంచ యుద్ధకాలములో వై.ఎమ్.సి.ఏ. పక్షముగా ఫ్రాన్సులో సైనికుల మధ్య పనిచేసెను. 1936లో బుట్టబంతి తొలిసారి ఒలింపిక్ పోటీలలో చేరినప్పుడు శిక్షకులు చందాలు పోగుచేసి ఆయనను బెర్లిన్ పంపిరి. వానలో జరిగిన తుది ఆటలో ఆయన స్వీకరించిన దేశమైన అమెరికా, ఆయన పుట్టిన దేశమైన కెనడాను 19–8 తేడాతో ఓడించెను. ఆ పతకములను ఆయనయే పంచిపెట్టెను. 1939 నవంబరు 28న, 78వ యేట, కాన్సాసులోని లారెన్సు పట్టణములో కన్నుమూసెను.

ప్రియులారా, ఆయన పరిచర్య విడిచెనా? పౌలు గుడారములు కుట్టుచు సువార్త పనిచేసెను. పరుగు పందెమును, మల్లయుద్ధమును చూపి సంఘమునకు బుద్ధి చెప్పెను. ఇహలోకపు పందెగాడు వాడిపోవు కిరీటముకొరకు అంత నిగ్రహము చూపగా, మనము ఎంత చూపవలెనో ఆలోచించుడి. యౌవనస్థులారా, మీ ప్రక్కన ఆడువాడు చెడ్డమాట ఆడుటకు సిగ్గుపడునట్లు ఆడుడి. పాలెములోని పిల్లవానిని, ఊరిలోని పిల్లవానిని ఒకే జట్టులో చేర్చుకొనుడి. పెద్దలారా, రేపు సాయంకాలము ఆటస్థలము ప్రక్కన చేతికర్రతో కొంతసేపు కూర్చుండుడి. జెకర్యా చూచిన పట్టణములో ముసలివారును పిల్లలును ఒకే వీధిలో ఉండిరి గదా!